గోడ మీది కొండ

మా ఇంట్లో అందరిదీ గోడల పనే. ఎవరింటికెళ్లినా మనుషుల మొహాల కంటే ముందు గోడ చూస్తాం, చెమ్మ ఎక్కడుందా అని. మా అమ్మాయి ఒక్కతే గోడ మీద బొమ్మ వేసింది.

బొమ్మంటే చెట్టూ పిట్టా కాదు. వెనకున్న కొండ మీంచి ఎర్రమట్టి, బెరడు, నాచు, ఎండుటాకులు ఏరి తెచ్చుకుంది. బంకలో కలిపి, మీద రంగులు పోసి, తన గది గోడకే మెత్తింది. నాకు మొదట్లో తలా తోకా తెలిసేది కాదు. చూడగా చూడగా, వానలో తడుస్తున్న కొండలా అనిపించేది. తర్వాత ఆ కొండని కంకర కోసం పిండి చేశారు. అమ్మాయికి నరాల జబ్బు చేసి వేళ్లు చచ్చుబడ్డాయి. మిగిలింది గోడ మీదదే.

"ఇంటికెళ్లి దాని ఎదురుగా పడుకుంటే చాలు నాన్నా," అనేది ఆసుపత్రిలో.

మేం వచ్చేసరికి మా తమ్ముడు గుమ్మంలో ఉన్నాడు. అందరూ వాణ్ణి పుట్టీ అంటారు. ఎక్కడ పగులు కనబడినా పూడ్చందే వాడికి అన్నం సహించదు. పనుల మీద తిరిగే మనిషి, అమ్మాయి గది ఎప్పుడూ చూసెరగడు. తాళం వాడి చేతికే ఇచ్చి వెళ్లాం.

"రామ్మా, గది అద్దంలా చేశా! గోడంతా చెమ్మెక్కి, నాచు పట్టి, పెచ్చులు పెచ్చులుగా ఉంది. అందులో పడుకుంటే జబ్బు తగ్గుద్దా? ఇటుక కనబడేదాకా గీకి, చెమ్మ రాకుండా మందు కొట్టి, తెల్లగా లాగించా."

"గీకిన చెత్త ఏదిరా?" అన్నాను.

"లారీలో పోయింది. నీకెందుకన్నయ్యా చెత్త?"

అమ్మాయి గోడ దాకా వెళ్లింది. వంకరపోయిన చేత్తో నిమిరింది.

"బాగా చేశావు బాబాయ్. టీ తాగావా?"

వాడు పొంగిపోయాడు. వాడు వెళ్లాక, "చెప్పకు నాన్నా, కుమిలిపోతాడు," అంది.

వానలు మొదలయ్యాయి. మంచం గోడవైపు తిప్పించుకుంది.

"ఈ వానలకి గోడలోకి చెమ్మ దిగుతుందా నాన్నా? మళ్లీ నాచు పడుతుందా?"

జన్మంతా చెమ్మని తిట్టిన నోటితోనే, "దిగుతుందమ్మా," అన్నాను.

రోజూ పొద్దున్నే గోడకి అరచెయ్యి ఆనించి చూస్తున్నాను. అమ్మాయి నా మొహం చూస్తుంది. వానలు వెనకబట్టాయి. గోడ పొడిగానే ఉంది. మా తమ్ముడి పని గట్టిది.