కుట్టేవాళ్ళకే

మా ఇంట్లో వంట ఎవరైనా చేస్తారు గానీ రాత మాత్రం నాదే. వాడిన వస్తువుల్ని ఆన్‌లైన్ వేలంలో పెట్టి అమ్మడం మూడేళ్ళుగా నా పని. ముందుగదిలో కిటికీ పక్కన తెల్ల దుప్పటి పరిచి, పొద్దుటి వెలుతురులో ఫోటోలు తీసి, కింద నాలుగు మాటలు రాస్తాను. "ఫ్యాన్ బాగా పనిచేస్తుంది" అని రాసి ఊరుకునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పనిచేయని ఫ్యాన్ అమ్ముతున్నామని ఎవరైనా రాస్తారా? మూడో నంబరులో చప్పుడు చేస్తుందా, మెడ తిరుగుతుందా, రెక్కకి సొట్ట ఉందా, అది కదా రాయాల్సింది. నేను అలాగే రాస్తాను. అందుకే చుట్టుపక్కల వాళ్ళంతా పాత సామాను నా దగ్గరికే తెస్తారు. ఈ విషయంలో నాకు కాస్త పొగరుందని మా ఆయన అంటాడు. కాస్తేనా అని నేనడుగుతాను.

ఆ పొగరు అణిగింది చిన్నత్తయ్య కుట్టు మిషన్ దగ్గర. ఆవిడ మా అత్తయ్యకి స్వయానా చెల్లెలు. కాళ్ళతో తొక్కే పాత మిషన్ ఒకటి మూలన పడి ఉంది, అమ్మిపెట్టమంది. నేను రెచ్చిపోయాను. కింద ఇనుప కాళ్ళ మీద లతల అల్లిక ఉంటే దాన్ని దగ్గర్నుంచి, దూరం నుంచి, పక్క నుంచి ఫోటోలు తీశాను. ఇంత అందమైన పోతపని ఇప్పుడు భూతద్దం పెట్టి వెతికినా దొరకదని రాశాను. పదకొండు మంది పోటీపడ్డారు. కొన్నాయన నాకు అయిదు స్టార్లిచ్చి, సంతోషం పట్టలేక ఒక ఫోటో కూడా పెట్టాడు. అందులో అద్దం పలక వేసిన భోజనాల బల్ల ఉంది. దాని కింద ఆ లతల కాళ్ళున్నాయి.

గొప్పగా తీసుకెళ్ళి అత్తయ్యకి చూపించాను. ఆవిడ ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ బట్టలు కుట్టి ఈ ఇల్లు నడిపిన మనిషి. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"దీని తలేది?" అంది.

కుట్టే భాగాన్ని కుట్టుపనివాళ్ళు తల అంటారు. కొన్నాయన్ని అడిగితే పాత ఇనుముకి వేసేశానన్నాడు. ఆ సంగతి చెప్పాక అత్తయ్య కళ్ళజోడు తీసి, తన మిషన్ దగ్గరికి వెళ్ళి కూర్చుంది. తిట్టినా బాగుండేది.

ఇది జరిగిన ఏడాదికి అత్తయ్య తన సొంత మిషన్ కూడా అమ్మేద్దామంది. మా ఆయన ఆవిడకి మోటారు మిషన్ కొనిచ్చాడు, గదిలో రెండిటికీ చోటు లేదు. పైగా ఊరికే పడుంటే తుప్పు పట్టిపోతుందని ఆవిడ బెంగ. ఒకే ఒక్క షరతు పెట్టింది.

"కుట్టేవాళ్ళకే ఇవ్వమ్మా. బల్లలు చేసేవాళ్ళకి వద్దు."

చెప్పడం తేలికే. వేలంలో మనిషిని ఎంచుకునే వీల్లేదు. ఎక్కువ పాడినవాళ్ళకి ఇచ్చి తీరాలి, కాదంటే సైటువాళ్ళు నా ఖాతా మూసేస్తారు. నాకు తెలిసిన పద్ధతిలోనే ఫోటోలు తీసి, "కుట్టు పని వచ్చినవాళ్ళకి మాత్రమే" అని పెద్ద అక్షరాలతో పైన రాశాను. గంట తిరిగేసరికి మూడు ప్రశ్నలు వచ్చాయి. కాళ్ళ ఎత్తెంత, కాళ్ళ మధ్య వెడల్పెంత, కాళ్ళు విడిగా ఇస్తారా. ఇంకా ఎవరూ పాట మొదలుపెట్టకముందే ప్రకటన తీసేసి ఊపిరి పీల్చుకున్నాను.

లోపం నా రాతలోనే ఉందని అప్పుడు తెలిసొచ్చింది. ఇన్నాళ్ళూ చూసి మురిసిపోయేవాళ్ళ కోసం రాశాను. దాని ముందు కూర్చుని పని చేసుకునేవాళ్ళ కోసం ఎప్పుడూ రాయలేదు. నోటుపుస్తకం పట్టుకుని అత్తయ్య పక్కన చేరి, ఈ మిషన్‌తో మీకున్న ఇబ్బందులేంటో చెప్పండి అన్నాను.

అడగడమే ఆలస్యం. ఇంటి మనిషి మీద చాడీలు చెప్పినట్టు చెప్పుకుపోయింది. వానలు పడితే బెల్టు జారుతుంది, సుద్ద రాయాలి. నాలుగు మడతలు దాటితే మొరాయిస్తుంది, చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పి సాయం పట్టాలి. పల్చటి గుడ్డని లోపలికి లాగేసుకుంటుంది, కింద కాగితం పెట్టి కుట్టాలి. బాబిన్ నిండా దారం చుడితే దానికి గిట్టదు, ముప్పావు వంతు చాలు. చెప్తున్నంతసేపూ ఆవిడ చెయ్యి మిషన్ మీదే ఉంది.

ఒక్క ఫిర్యాదు కూడా వదలకుండా రాశాను. ఫోటోలు కూడా కుట్టువే తీశాను. మందపాటి గుడ్డ మీద ఒకటి, పల్చటి గుడ్డ మీద ఒకటి, ఆ రెండిటికీ వెనకవైపు. వెనక కుట్టు చూస్తే మిషన్ బండారం బయటపడుతుందని అత్తయ్యే చెప్పింది. కాళ్ళ మీద మాత్రం దుప్పటి కప్పేసి, వాటి గురించి ఒకే వాక్యం రాశాను: "కాళ్ళు నాలుగూ నేలకి ఆనుతాయి." మా ఆయన అదంతా చదివి, అమ్మకానికి పెట్టావా, మిషన్ మీద కేసు పెట్టావా అనడిగాడు.

వేలం ఏడు రోజులు. ఆరు రోజుల దాకా అడిగిన నాథుడు లేడు. ఏడో రోజు మధ్యాహ్నం ఎవరో ఒక్కరు మొదటి ధరకే పాడారు. ప్రశ్న లేదు, పలకరింపు లేదు. నాకు తెలిసి నిజంగా వాడుకునేవాళ్ళు పది ప్రశ్నలేసి ప్రాణం తీస్తారు. ఇలా నోరు మెదపకుండా కొనేవాళ్ళు తల అక్కర్లేనివాళ్ళే. గడువు ముగిసింది, ఇంకెవరూ రాలేదు. అత్తయ్యకి నా అనుమానం చెప్పకుండా దాచాలనుకున్నాను గానీ నా మొహం చూసి ఆవిడకే అర్థమైపోయింది. సరేలే అని, మిషన్‌కి నూనె వేసి, మెత్తటి గుడ్డతో తుడిచింది. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్న ట్రాలీ బండి తీసుకుని ఒకావిడ వచ్చింది. ఇంచుమించు నా వయసే. చేతిసంచిలోంచి కొలిచే టేపు కనిపిస్తోంది. అత్తయ్య గుమ్మం దగ్గరే ఆగిపోయింది. వచ్చినావిడ నేరుగా మిషన్ దగ్గరికి వెళ్ళి, తల వంక చూడనైనా చూడకుండా, వంగి దుప్పటి లాగేసింది. కాళ్ళ వైపే చూస్తోంది. అత్తయ్య లోపలికి వెళ్ళిపోవడానికి తిరిగింది.

వచ్చినావిడ కింద చతికిలబడి, తొక్కే పలక మీద అరచేత్తో తడిమింది. ఇనుము మీది గళ్ళు ఎడమవైపు అరిగి అరిగి నున్నగా అయిపోయి ఉన్నాయి. ఇన్నేళ్ళు ఈ ఇంట్లో ఉండి నేనది ఎన్నడూ గమనించలేదు.

"మీరు ఎడమ కాలు ముందుకు పెట్టి తొక్కుతారు కదమ్మా," అంది అత్తయ్యతో. "నాది కుడి. నేను దీనికి అలవాటు కావడానికి ఓ నెల పడుతుందేమో."

అత్తయ్య ఆగింది.

"నెలెందుకు? వారం చాలు. మాట వింటుంది," అంది.

మరి ఒక్క ప్రశ్న కూడా అడగలేదేమని నేనడిగాను. అడగడానికి మీరేం మిగిల్చారు అందావిడ. ఒక్కో ఇబ్బందీ చదువుతుంటే దాని ముందు కూర్చుని తొక్కుతున్నట్టే అనిపించిందట. నా రాతకి అంతకన్నా మెప్పు ఎన్ని స్టార్లిచ్చినా రాదు. మామూలుగా అయితే ఆ మాట వీధి చివరిదాకా చాటేదాన్ని. ఆ రోజు అత్తయ్యని చూస్తూ ఉండిపోయాను.

ఆవిడ గుడ్డముక్క ఒకటి వెతికి తెచ్చి, స్టూలు ముందుకు జరిపి, కూర్చుని తొక్కి చూడమంది. వచ్చినావిడ కుడి కాలు ముందుకు పెట్టుకుని మొదలుపెట్టింది. మొదట కొంచెం తడబడి, తర్వాత సాగింది. అత్తయ్య పక్కనే నిలబడి, మొహమంతా నవ్వుతో తలాడిస్తూ ఉంది. తన మిషన్ చప్పుడు నిలబడి వినడం ఆవిడకి అదే మొదటిసారి.