చిగుళ్ళకు రాసిన తేనె

మా ఇంటి తేనెకు వంక పెట్టిన మనిషిని నేను అంత తేలిగ్గా వదలను. ఉ మిన్ అడవిలో, నీళ్ళలో నిలిచి పెరిగే త్రాం చెట్ల మధ్య, వాసాన్ని ఏటవాలుగా కట్టి తేనెటీగలు వాటంతటవే వచ్చి పట్టు పెట్టేలా చెయ్యడం మా ఆయన చేతిలో ఉన్న విద్య. వాలు కాస్త అటూ ఇటూ అయినా ఈగ వాలదు. ఆయన పది వాసాలు కడితే తొమ్మిదింటికి పట్టు పడుతుంది. అలాంటి తేనెను పట్టుకుని ఆరోగ్య కేంద్రంలో నర్సు లాయ్, నా మనవడికి మూడో నెల టీకా వేసిన రోజున, అందరి ముందూ, "పెద్దమ్మా, వీడికి ఏడాది నిండేదాకా తేనె ఒక్క చుక్క కూడా తగలనీకండి" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

మాట మొదలైంది చిగుళ్ళ దగ్గర. పసిపిల్లల నోరు తుడవడం మాకు కొత్త కాదు. చూపుడు వేలికి పల్చటి గుడ్డ తొడుగు వేసుకుని, తేనెలో ముంచి, నాలుకా చిగుళ్ళూ తుడుస్తాం. పాల పూత పోతుంది, పళ్ళు ఏడిపించకుండా వస్తాయని మా నమ్మకం. నా నలుగురు పిల్లలకీ నేనే తుడిచాను. మా ఇళ్ళున్న కాలవ పొడుగునా ఎవరింట్లో పురుడైనా ముందు నాకే కబురొచ్చేది, వేలు మెత్తనిదని.

లాయ్ ఏం చెప్పిందంటే, తుడవడం మంచిదేనట. పళ్ళు వచ్చేదాకా ఆగక్కర్లేదు, మొదటి వారాల నుంచే రోజుకు రెండుసార్లు తుడవాలి, పడుకోబోయే ముందు పాలు తాగాక తప్పకుండా తుడవాలి. అయితే కాచి చల్లార్చిన నీళ్ళతోనే. మొదటి పన్ను కనబడ్డ రోజు నుంచి మెత్తటి చిన్న బ్రష్షు, దాని మీద బియ్యపు గింజంత పేస్టు. తేనెలో కంటికి కనబడని విషక్రిమి విత్తనం ఉండొచ్చు, పెద్దవాళ్ళ కడుపు దాన్ని మొలవనివ్వదు, పసివాళ్ళ కడుపులో మొలుస్తుంది అంది. మా ఆయన దించిన పట్టులో క్రిమి చూశావా నువ్వు అని నేను లేచాను. నా కోడలు న్యాన్ నా జబ్బ పట్టుకుని కూర్చోబెట్టి, లాయ్ చెప్పిందంతా మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది.

న్యాన్ నెమ్మదైన పిల్ల. గొంతు పెంచదు, పట్టు వదలదు. ఇంటికొచ్చాక గ్లాసులో కాచిన నీళ్ళు పోసి మూత పెట్టి, పక్కన గుడ్డ తొడుగులు సర్దింది. "అత్తయ్యా, నేను పనికెళ్ళినప్పుడు కూడా ఈ నీళ్ళతోనే తుడవండి, సరేనా?" అంది. సరే అన్నాను. నిజంగానే నెలన్నర పాటు నీళ్ళతోనే తుడిచాను. చప్పటి నీళ్ళు నోట్లో పెడితే వాడు మొహం పక్కకు తిప్పేసేవాడు.

వాడి అసలు పేరు కాగితాల్లో ఉంది. ఇంట్లో మాత్రం తెప్ అంటాం, అంటే పొట్టి రొయ్య. అందమైన పేరుతో పిలిస్తే దిష్టి తగులుతుందని మేమిలాంటి పేర్లే పెట్టుకుంటాం. ఐదో నెలలో వాడి నాలుక మీద తెల్లగా పేరుకుంది. నీళ్ళకు పోలేదు. కొడుకు లువాన్ పడవ మీద వెళ్ళాడు, న్యాన్ రొయ్యలు వొలిచే ఫ్యాక్టరీకి వెళ్ళింది, మా ఆయన అడవిలో ఉన్నాడు. ఇంట్లో నేనూ తెప్ ఇద్దరమే. వాళ్ళ నాన్న నోరు ఏ తేనెతో తుడిచానో వీడి నోరు తుడవడానికి దానికేం రోగం అనుకున్నాను. సీసా మూత తీశాను.

ఆ రోజు వాడు నా వేలు వదల్లేదు. చప్పరిస్తూ, కాళ్ళు ఆడిస్తూ, బోసినోటితో నవ్వాడు. నా సంతోషం ఇంతా అంతా కాదు. ఆ తర్వాత రోజూ తుడిచాను. న్యాన్ వచ్చే వేళకు తొడుగు ఉతికి ఆరేసేదాన్ని. దొంగతనం చేస్తున్నానని తెలుసు నాకు, తెలియదని చెప్పను. నాలుగు రోజులు గడిచేసరికి నాలుక తేటపడింది కూడా. చూశావా లాయ్ అనుకున్నాను లోపల.

వారం దాటాక తెప్‌కి విరేచనం ఆగింది. మూడు రోజులు చూశాం. నాలుగో రోజు పాలు మింగడం మానేశాడు, పెదవి చివర నుంచి కారిపోయేవి. ఏడుపు పల్చబడింది, పిల్లి కూన ఏడ్చినట్టు. ఐదో రోజుకి రెప్పలు సగానికి వాలిపోయాయి, ఎత్తుకుంటే తల నిలవలేదు. ముందు జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్తే మలబద్ధకం అని మందిచ్చారు. అక్కణ్ణుంచి సైగాన్‌లో పిల్లల ఆసుపత్రికి పంపారు. దారిలోనే వాడికి ఊపిరి అందడం తగ్గిపోయింది.

పెద్ద డాక్టరమ్మ వాడి చెయ్యి ఎత్తి వదిలింది. చెయ్యి టపీమని పడింది. ఆవిడ నన్నూ, కొడుకునీ, కోడల్నీ చూసి అడిగిన మొదటి ప్రశ్నే, "బాబుకి తేనె గానీ పట్టారా?" అని. న్యాన్ వెంటనే, లేదండీ, నర్సు వద్దంది, ఒక్క చుక్క కూడా పెట్టలేదు అని చెప్పింది. అంత ధీమాగా చెప్పింది నా కోడలు. డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

ఎందుకు చెప్పలేదని నన్ను నేను ఎన్నిసార్లు అడుక్కున్నానో లెక్కలేదు. న్యాన్ మొహం చూసి భయపడ్డాను. ఊళ్ళో నా పేరు పోతుందనుకున్నాను. అన్నింటికీ మించి, తేనె వల్ల కాదు, కాదు, కాదు అని లోపల పట్టుబట్టి కూర్చున్నాను. ఆ రోజంతా వాళ్ళు ఇంకేవో పరీక్షలు చేశారు. వెన్నులో సూది గుచ్చారు. వాడు ఏడవడానికి నోరు తెరిచాడు, గొంతు రాలేదు. మర్నాడు మధ్యాహ్నం వాడి ముక్కులోంచి గొట్టం వేసి ఊపిరి పోసే యంత్రానికి తగిలించారు. అప్పుడు వెళ్ళి చెప్పాను. నేనే పట్టాను, రోజూ పట్టాను, చిగుళ్ళకు రాశాను అని.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. అప్పటికప్పుడు ఫోన్లు చేసింది. దీనికి విరుగుడు మందు ఉందట గానీ దేశంలో దొరకడం గగనం, బయటి నుంచి రావాలి. వచ్చినా అది విషం ముదరకుండా ఆపుతుందే తప్ప, పడిపోయిన నరాన్ని లేపదు. నరాలు వాటంతటవే లేవాలి, వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. నిన్ననే చెప్పి ఉంటే అని అడిగాను. ఆవిడ కాగితం మీద రాసుకుంటూ, ముందు ఈ సంతకం పెట్టించండి మీ అబ్బాయి చేత అంది.

న్యాన్ అరిచి ఉంటే బాగుండేది. "మిమ్మల్ని నేను అడిగాను కదా అత్తయ్యా," అంది అంతే. లువాన్ గోడ వైపు తిరిగాడు. ఊరికి ఫోన్ చేసి మా ఆయనకు చెప్పాను. "మన తేనేనా?" అని అడిగాడు. ఆఁ అన్నాను. ఫోన్ పెట్టేశాడు. ఎవరూ నన్ను ఒక్క మాట అనకపోతే నేనెవరి మీద విరుచుకుపడను? నా నోటికి పనే లేకుండా పోయింది.

మందు ఆరో రోజున వచ్చింది. తెప్ ఇంకా జారకుండా ఆగాడు, లేవలేదు. నెల దాటింది. మేం వరండాలో చాప మీద ఉండేవాళ్ళం, ధర్మసత్రం వాళ్ళిచ్చే గంజి తాగేవాళ్ళం. వాడికి తెలివి ఉంది, మాట వినబడుతుంది అనేవారు. రెప్ప వేలితో ఎత్తితే కళ్ళు మనల్ని చూసేవి. ఆ కళ్ళ ముందు నిలబడడం నా వల్ల కాలేదు.

నోరు ఆరిపోయి పాడవకుండా పూటకోసారి ఇంటి మనిషి వచ్చి తుడవాలని అక్కడి నర్సు చెప్పింది. రోజూ న్యానే వెళ్ళేది. నేను గది అద్దానికి బయట నుంచుని దాని మోచెయ్యి కదలడం చూసేదాన్ని. లాయ్ చెప్పినట్టే పైచిగురు, కిందచిగురు, చివర్న నాలుక. వాడు బాగుపడితే ముందు మీకే తెలుస్తుంది, వేలు పెట్టగానే కొరకబోతాడు, ఆ రోజు నాకు చెప్పండి అందట నర్సు. న్యాన్ బయటికి రాగానే లువాన్ అదే అడిగేవాడు. అది తల అడ్డంగా ఊపేది.

నలభై ఏడో రోజున న్యాన్‌కి జ్వరం వచ్చింది. జ్వరమున్న వాళ్ళని లోపలికి రానివ్వరు. లువాన్ చేతులు చూస్తే డీజిలు మరకలు, గోళ్ళు ఇంత పొడుగు. న్యాన్ ఆలోచించి నన్ను పిలిచింది. ఆ రోజు అన్న ఆ ఒక్క మాట తర్వాత నాతో మాట్లాడడం అదే మొదలు.

"మీరు వెళ్ళండి అత్తయ్యా. నీళ్ళతోనే," అంది.

చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాను. నర్సు తొడుగు విప్పి ఇచ్చింది, నీళ్ళ గిన్నె దగ్గర పెట్టింది. తొడుగు వేలికి వేసుకుని నీళ్ళలో ముంచాను. తెప్ పెదవి పైకెత్తి పైచిగురు తుడిచాను. కిందచిగురు మీద నడుమ ఏదో గరుగ్గా తగిలింది. మళ్ళీ తుడిచాను. పన్ను. యంత్రం ఊపిరి పోస్తుంటే, కాళ్ళూ చేతులూ పడిపోయి, ఎవరూ చూడకుండా వాడు పన్ను మొలిపించుకున్నాడు.

నర్సును పిలిచి చూపించాను. ఆవిడ సంతోషించి, రేపటి నుంచి చిన్న బ్రష్షు తెచ్చుకోండి అంది. ఆవిడ పక్క మంచానికి వెళ్ళాక వేలు తియ్యకుండా అలాగే ఉంచాను. వాడి చెవి దగ్గర వంగి, కొరుకు నాన్నా, గట్టిగా కొరుకు, నాన్నమ్మ వేలు తెంపెయ్యి అన్నాను. చాలాసేపు ఆగాను. నా కళ్ళనీళ్ళు వాడి దుప్పటి మీద పడ్డాయి. పన్ను నా వేలికి తగులుతూనే ఉంది, దవడ కదలలేదు.

బయట న్యాన్ చాప మీద లేచి కూర్చుని ఉంది. పన్నొచ్చింది, కింద, నడుమ అని చెప్పాను. జ్వరంలో ఎర్రబడ్డ దాని మొహం ఒక్క క్షణం విచ్చుకుంది.

"కొరికాడా?" అని అడిగింది.

అవునని ఒక్క మాట అంటే ఆ పిల్ల ఆ రోజు పడుకునేది. లేదన్నాను.