ఉప్పు వేసిన ఐసు

కాసింబీ చెవి కమ్మలు తాకట్టు పెట్టాలి. ఐసు ఫ్యాక్టరీకి పోయి గడ్డ తేవాలి, దంచాలి. మొదటి బస్సుకు విజయవాడ పోయి మందు కొనాలి. చల్లదనం పోకుండా దాన్ని మా పట్నం పెద్దాసుపత్రికి చేర్చాలి. మంచం మీదున్న సుభానీ మోకాలు ఇంకా పొంగకముందే చేర్చాలి. ఆ రోజు చేయాల్సిన పనులివి. చేయాల్సినవాడు ఒక్కడే, కాసింబీ భర్త, సుభానీ తండ్రి నాగుల్ మీరా. సాయానికి నేను.

నేను ఒక పుల్లైసు పెట్టెను. బయట చెక్క, లోపల రేకు, మధ్యలో థర్మోకోల్. దర్శిలో ఒక వడ్రంగి నన్ను చేశాడు. ఫ్యాక్టరీ యజమాని రోజు అద్దెకు తిప్పితే ఎందరి సైకిళ్ల మీదో ఊళ్లు చూశాను. చివరికి నాగుల్ మీరా కొనుక్కుని నీలం రంగు వేయించాడు. అతని ఐసు ఎంత ఎండలోనూ కరగదని పేరు. దంచిన గడ్డలో గుప్పెడు కల్లుప్పు కలిపేవాడు. అలా కలిపితే ఐసు చల్లదనం ఇంకా పెరుగుతుంది. ఆ పనివాళ్లందరికీ తెలిసిందే.

సుభానీది రక్తం గడ్డకట్టని జబ్బు, పుట్టుకతో వచ్చింది. దెబ్బ తగలకపోయినా కీళ్ల లోపల రక్తం కారుతుంది. వెంటనే ఇంజెక్షన్ పడితే మళ్లీ లేచి తిరుగుతాడు. ఆలస్యమైతే ఆ కీలు బిగుసుకుపోతుంది. ఆ ఇంజెక్షన్ ఉచితమని ఆసుపత్రి గోడ మీద పెద్ద అక్షరాలతో రాశారు. నిజమే, ఉచితమే. బస్సు మాత్రం ఉచితం కాదు. పోయిన బేరం ఉచితం కాదు. వరండాలో పడుకున్న తల్లికి టిఫిను ఉచితం కాదు. అన్నీ పెట్టుకుని వెళ్తే ఆ ఉచితం స్టాకు లేదంటారు. మేకలు అలాగే పోయాయి. ఇంటి వెనక జాగా అలాగే పోయింది.

ఆ రోజూ స్టాకు లేదన్నారు.

విజయవాడ మందుల కొట్టతను చిన్న డబ్బాలో చల్లటి జెల్ పొట్లం పెట్టి, దాని మీద సీసాలు పెట్టి ఇచ్చాడు. "చల్లగా ఉండాలి పెద్దాయనా, త్వరగా తీసుకుపో" అన్నాడు. మందు గడ్డకడితే పాడవుతుందని మాత్రం చెప్పలేదు. సీసాల అట్టపెట్టె మీద రాసే ఉంది, ఇంగ్లీషులో.

బస్టాండులో నాగుల్ మీరా ఆ డబ్బాను అరచేతిలో పెట్టుకుని చూశాడు. "ఈ బొమ్మ డబ్బా ఇంత ఎండకి ఆగుద్దా?" అని నాతోనే అన్నాడు. సీసాలు తీసి నా ఐసులో లోతుగా పాతాడు. రోజూ వేసేది గుప్పెడు. ఆ రోజు ఉప్పు పొట్లమంతా కుమ్మరించాడు.

కండక్టరు నన్ను కాలితో తట్టాడు. "ఏం సాయిబూ, బస్సులో ఐసు అమ్ముతావా? లగేజీ టికెట్ తీసుకో."

"అమ్మేది కాదు సార్. పిల్లోడి మందు."

"మందైనా లగేజీ లగేజీయే. నాకో పుల్లన్నా తేలేదు గదయ్యా!"

ఆసుపత్రిలో నర్సు నా మూత తీసింది. మందులో కలిపే నీళ్ల సీసా పగిలి ఉంది. మందు సీసా చుట్టూ ఐసు అట్టకట్టింది.

"అయ్యో, గడ్డకట్టిపోయింది గదయ్యా! ఏం చేశావు?"

"ఉప్పేశానమ్మా. బాగా చల్లగుంటదని."

డాక్టరు వచ్చి చూశాడు. "చదువుకోని వాళ్లతో ఇదే తలనొప్పి. ఇది ఎక్కించకూడదు. ఇంకోటి తెచ్చుకోండి."

ఇంకోటి! పుల్లైసు కింద పడేసుకున్న పిల్లాడితో అన్నట్టు అన్నాడు. నాకు నోరుంటే అడిగేదాన్ని. అయ్యా, చదువుకున్న మీ అందరిలో ఒక్కరైనా ఆ ఒక్క మాట తెలుగులో చెప్పారా? గోడ మీద రాసిన మందు గోడ లోపల ఉండుంటే ఈ మనిషికి నాతో, ఉప్పుతో పనేముంది?

కాసింబీ బోసి చెవులతో గోడకు ఆనుకుని నిలబడింది. సుభానీ దిండు మీంచి తల ఎత్తాడు. "నీ అంత చల్లటి ఐసు ఎవరు చేస్తార్లే నాయనా!" అని నవ్వబోయి, మోకాలు పట్టుకున్నాడు.

ఆసుపత్రి కుళాయి కింద నాగుల్ మీరా నన్ను కడిగాడు. ఇంకో మందు కొనడానికి సైకిలునూ నన్నూ కలిపి పాత సామాన్ల కొట్లో అమ్మేశాడు. సైకిలు ఆ వారమే వెళ్లిపోయింది. నన్నెవరూ అడగలేదు.

చాలా రోజుల తర్వాత తండ్రీకొడుకులు ఆ కొట్టు ముందు నుంచే ఆసుపత్రికి పోతూ కనిపించారు. రెండో మందు దొరికిందిగానీ ఆలస్యమైంది. సుభానీ కాలు చాపడం రావడం లేదు, తండ్రి భుజం పట్టుకుని నడుస్తున్నాడు.

"ఏం చేస్తన్నావు మీరా?" అని కొట్టతను అడిగాడు.

"ఐసు ఫ్యాక్టరీలో గడ్డలు మోస్తన్నానన్నా. మోసే పనే, అమ్మే పని లేదిక."

రేపో మాపో నా చెక్క విడిగా, రేకు విడిగా తూకానికి పోతాయి. అడుగున తెల్లటి ఉప్పు చార ఇంకా ఉంది. ఎంత కడిగినా పోలేదు. ఎండాకాలం మీ వీధిలో ఐసు బండి గంట మోగితే నాగుల్ మీరాను ఒకసారి గుర్తు చేసుకోండి. తెలివితక్కువవాడని మాత్రం అనుకోకండి. కొడుకు కోసం తన దగ్గరున్న ఉప్పంతా వేశాడు.