వండినవాళ్ళు ఎవరూ లేరు

"వంట అయిపోనాదా?" అని అడుగుతాడు అభిరామ్, తువ్వాలుతో చెవులు తుడుచుకుంటూ. పెళ్ళయిన నాటి నుంచీ ఇదే ప్రశ్న. వండావా అని ఒక్కనాడూ అడగలేదు. వంట అయిపోతుంది, బట్టలు ఆరిపోతాయి, పిల్లాడి హోంవర్కు పూర్తయిపోతుంది. మా నిమ్‌పురా రైల్వే క్వార్టర్లో పనులన్నీ వాటంతటవే జరుగుతుంటాయి, నేను వాటికి అడ్డం పడి తిరుగుతుంటాను. "కోడలు కాలేజీలో ఇంగిలీసు సెప్తాది, సారులో ఉప్పెయ్యడం మర్సిపోతాది" అని మా అత్తగారు పక్కింటి దీదీతో అంటుంటే, విననట్టు గిన్నె మీద మూత పెట్టేశాను.

ఊళ్ళోనే ఇందా అనే పేటలో ఉన్న ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ టీచర్ని. మా క్లాసు పిల్లలు ఇంగ్లీషు గడగడా చదువుతారు. అందులో ఏముందంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అది చూడలేక, హెచ్ఓడీ హరనాథ్ గారిని బతిమాలి, జీతం లేకుండా సాయంత్రం ఒక రీడింగ్ క్లాసు మొదలుపెట్టాను. మొన్నామధ్య ఒక పాసేజీ ఇచ్చాను. అతిథులు వచ్చేసరికి వంట చేయబడింది, ఇల్లు ఊడ్వబడింది, పిల్లలకు నీళ్ళు పోయబడ్డాయి. ఇంగ్లీషులో అది చక్కటి వాక్యమే. ఈ పనులన్నీ చేసిందెవరు అన్నది ప్రశ్న. శ్రీవల్లి అనే అమ్మాయి 'నోబడీ' అని రాసింది.

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వబోయి, "అదేంటమ్మా?" అన్నాను.

"ఎవులో రాసి నేదు కదా మేడమ్."

"మీ ఇంట్లో ఎవరు వండుతారు?"

"నానే మేడమ్. అమ్మ పొద్దున్నే పనికెలిపోతాది."

ఆ మాట అనేసి ఆ పిల్ల తను రాసిన జవాబు వంక మళ్ళీ చూసుకుంది. రోజూ వండే పిల్ల, వండినవాళ్ళు ఎవరూ లేరని రాసింది! అది ఇంగ్లీషు రాకపోవడం ఒక్కటే కాదు. ఇంట్లో అలా వినీ వినీ, పుస్తకంలోనూ అలాగే చదివింది. నేను మాత్రం తక్కువ తిన్నానా? ఆ రోజు నుంచి ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఇది చేసిందెవరు, ఎందుకు చెప్పలేదు అని అడుగుతున్నాం. నోరు విప్పని పిల్లలు పేజీతో దెబ్బలాడడం నేర్చారు.

ఇవాళ యూనివర్సిటీ నుంచి ఇద్దరు చూడడానికి వచ్చారు. వాళ్ళకు నచ్చితే ఈ క్లాసు టైమ్‌టేబుల్లోకి ఎక్కుతుంది, లేకపోతే ఇవాళ్టితో సరి. స్టాఫ్ రూమ్‌లో హరనాథ్ గారు టై సర్దుకుంటూ, "క్లాసు నేను తీసుకుంతాను మేడమ్. మీరు టీ సంగతి సూడండి. లేడీస్ ఇస్తే ఆ మర్యాదే వేరు" అన్నారు.

"ఠీక్ హై సర్" అనేశాను. పాలు స్టవ్ మీద పెట్టాను కూడా. పొద్దున అభిరామ్ అన్న మాట చెవిలో మోగుతోంది. "గెస్ట్ టీచరివి, నీకేటి గొడవ? గట్టిగా మాట్లాడితే ఆ ఉద్యోగమూ ఊడిపోతాది." నిజమే, ఊడుతుంది. గోడ అవతల నుంచి హరనాథ్ గారి గొంతు వినిపిస్తోంది. పాసేజీ ఆయనే చదువుతున్నారు, అర్థం ఆయనే చెబుతున్నారు. పిల్లల అలికిడి లేదు. వచ్చినవాళ్ళు వీళ్ళను మొద్దులనుకుని వెళ్ళిపోతారు. నాకు ఒళ్ళు మండిపోయింది. స్టవ్ కట్టేసి క్లాసులోకి వెళ్ళాను.

నన్ను చూసి ఆయన బోర్డు దగ్గర ఆగారు. "టీ తెచ్చినారా మేడమ్?"

"లేదు సార్." నా గొంతు వణికింది. వణికితే వణకనీ అనుకున్నాను. "ఈ క్లాసు మొదలుపెట్టింది నేను. చెప్పేది కూడా నేనే. చాక్‌పీసు ఇలా ఇవ్వండి."

ముందు వరసలో శ్రీవల్లి తలెత్తింది. హరనాథ్ గారు వచ్చినవాళ్ళ వంక చూసి నవ్వారు, నా వంక చూసి నవ్వడం మానేశారు. ఆయన ఇచ్చేదాకా నేను చాపిన చెయ్యి దించలేదు.