సీసా లేని నీళ్ళు

ఫోన్‌లో కోడలి మాట గరగరలాడింది. "అత్తయ్యా, సీసం లేని నీళ్ళు కావాలి. మన ఇంటివే. కాస్త తెచ్చిపెడతారా?"

అత్తగారికి "సీసా లేని నీళ్ళు" అని వినబడింది. చదువుకున్నవాళ్ళకు ఈమధ్య ప్లాస్టిక్ సీసాలంటే గిట్టడం లేదు కదా అనుకుని, రాత్రి కుళాయి దగ్గర నింపి పెట్టుకున్న ఇత్తడి చెంబుకు మూత బిగించింది. దాన్ని పసిపిల్లలా చంకనెత్తుకుని బస్సెక్కింది.

ప్రయోగశాలలో కోడలి ముందు గోరంత చిప్ ఉంది. అత్తగారు దాన్ని "నీ చిప్ప" అంటుంది. దానిలో వెంట్రుక కన్నా సన్నని దారి వెంట వెలుగు పరుగెడుతుంది. నీళ్ళలో సీసం ఉంటే పైపూత దాన్ని పట్టేస్తుంది, లోపలి వెలుగు తీరు మారుతుంది, తెరమీద గీత పైకి లేస్తుంది. ఊరి నీళ్ళ ఇంజనీరు చూసి పోదామని వచ్చి కూర్చున్నాడు. ఆయన ఊఁ అంటే వీధివీధినా ఈ చిప్‌లు పెడతారు. ఉహూఁ అంటే ఏళ్ళ తరబడి చాకిరీ గంగపాలు. "అప్పుడు నా చేతికి నిజం చిప్పే అత్తయ్యా" అని కోడలు పొద్దున నవ్వుతూనే అంది గానీ, టిఫిను ముట్టలేదు.

ముందు సీసం కలిపిన నీళ్ళు పోశారు. గీత లేచింది. తర్వాత చెంబులోవి పోశారు. అవి పోస్తే పడుకోవలసిన గీత మళ్ళీ లేచి కూర్చుంది.

ఇంజనీరు గడ్డం గోక్కున్నాడు. "మంచినీళ్ళకూ చెడ్డనీళ్ళకూ ఒకే పాట పాడుతోందేమ్మా ఇది."

కోడలి మొహంలో నెత్తుటి చుక్క లేదు. అది చూసి అత్తగారు ముందుకొచ్చింది.

"మా కుళాయి నీళ్ళే బాబూ. అమ్మాయి చెప్పినట్టే, సీసా లేకుండా తెచ్చాను."

"సీసా కాదత్తయ్యా, సీసం."

"నువ్వు సున్నా పెట్టావు, నేను దీర్ఘం తీశాను. ఆ మాత్రానికే నీళ్ళు చెడతాయా?"

కోడలు చెంబు వంచి అడుగు చూసింది. లోపల నల్లగా, రూపాయంత అతుకు.

"ఈ మాటు ఎప్పటిది?"

"మీ మామయ్య ఉన్నప్పటిది. చిల్లు పడితే వేయించారు. నా కళ్ళముందే సీసం కరగబెట్టి..." అంటూ అత్తగారు నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

కోడలు ఇంట్లో ఉన్న మొగుడికి ఫోన్ చేసింది. "కుళాయి నీళ్ళు తెండి. సీసాలో. సీ, సా." అతను రొప్పుతూ తెచ్చిన నీళ్ళు పోయగానే గీత బుద్ధిగా పడుకుంది. చెంబు నీళ్ళను పక్కగదిలోని పెద్ద మిషన్‌కు ఇస్తే, అదీ సీసం ఉందనే చెప్పింది.

"మేం పెట్టే పరీక్షలన్నీ ముందే చెప్పి పెట్టేవి," అన్నాడు ఇంజనీరు నవ్వాపుకుంటూ. "చెప్పకుండా పెట్టింది మీ అత్తగారే. ముందు మా వీధి నుంచే మొదలుపెట్టండమ్మా."

కోడలు అత్తగారిని వాటేసుకుని, "రేపే మీకు రక్తపరీక్ష. ఈ చెంబు ఇక ఇంటికి రాదు," అంది.

"నీ చిప్ప పక్కనే పెట్టుకో. కానీ నాకు కొత్త చెంబు కొనిపెట్టు తల్లీ. సీసాతో తాగితే నాకు సగం నీళ్ళు చీరమీదే."