మిరపకాయ ముఖం చూడని యంత్రం

నేను ఒక యంత్రాన్ని. ఎండు మిరపకాయకు తొడిమ తీయడం నా పని. పని అన్నానే గాని, పుట్టాక ఏడాది దాకా నేను మిరపకాయ ముఖమే చూడలేదు. నవ్వకండి, చెబుతాను.

నన్ను కన్నది కెజియా. గుంటూరు దగ్గర ఒక విశ్వవిద్యాలయంలో మెకానికల్ మూడో ఏడు చదువుతోంది. పాత వాషింగ్ మెషీన్ మోటారు, సైకిల్ చైను, అరిగిన హవాయి చెప్పుల నుంచి కోసిన రబ్బరు కలిస్తే నేను. వాళ్ళమ్మ దీనమ్మ కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే కూలీ. రోజంతా కాయలు పట్టిన చేతులు ఎన్నిసార్లు కడిగినా మండుతూనే ఉంటాయి. అందుకని ఆవిడ కూతురి బుగ్గ ఏనాడూ నిమిరి ఎరగదు. ముద్దొస్తే మోచేత్తో అలా తాకేది. ఆ మోచెయ్యి గుర్తొచ్చినప్పుడల్లా కెజియా నా బోల్టు ఇంకో చుట్టు బిగించేది.

నేను తయారయింది విశ్వవిద్యాలయం వారి స్టార్టప్ సెంటర్లో. ఆ గదికి ఒక ఆచారం ఉంది. పెద్దలెవరైనా వస్తే తెరుస్తారు, వాళ్ళు వెళ్ళగానే తాళం వేస్తారు. నన్ను గాజు పెట్టెలో పెట్టి ఎర్ర రిబ్బను కట్టారు. ఒకే ఏడాదిలో నాకు మూడుసార్లు ప్రారంభోత్సవం జరిగింది. మనుషులకు పని మొదలుపెట్టడం కంటే, మొదలుపెట్టినట్టు ఫోటో దిగడం మీదే మక్కువని నాకు అప్పుడే తెలిసింది. మీట నొక్కేవారు, నేను ఉత్తినే గిర్రున తిరిగేదాన్ని, చప్పట్లు కొట్టేవారు. కాయలు మాత్రం వేయనిచ్చేవారు కాదు. ఘాటుకు అతిథులు తుమ్ముతారట.

“ఒక్క వారం కోల్డ్ స్టోరేజీకి తీసుకెళ్తాను సార్. సీజన్ పోతే మళ్ళీ ఏడాది ఆగాలి,” అని కెజియా ఎన్నిసార్లు అడిగిందో. సెంటరు పెద్ద ఫణిభూషణం గారిది ఒకటే జవాబు.

“తనిఖీ కమిటీ వచ్చి వెళ్ళనీ అమ్మాయ్. ఇది మన సెంటరు పరువు.”

కమిటీ వచ్చింది. అందులో ఒక పెద్దావిడ నన్ను చూసి, “ఇది ఇంతవరకు ఎన్ని కాయలకు తొడిమ తీసింది?” అని అడిగింది. ఫణిభూషణం గారు నోరు తెరిచేలోపే కెజియా, “ఒక్కదానికీ తీయలేదండి,” అంది. అని ఊరుకోలేదు. పుస్తకాల సంచిలోంచి కిలో తేజ రకం ఎండుకాయలు తీసి, మీట నొక్కి, నా నోట్లో పోసింది.

నా తొలి భోజనం గురించి చెప్పాలంటే సిగ్గేస్తుంది. కాయలు కరకరా నుజ్జయ్యాయి. గింజలూ కారమూ గదంతా లేచాయి. కమిటీ మొత్తం తుమ్ముకుంటూ వరండాలోకి పరుగెత్తింది. ఫణిభూషణం గారు కళ్ళు తుడుచుకుంటూ, “ముందు దీన్ని బయటికి తీసుకుపో. మళ్ళీ ఇక్కడ కనబడకూడదు,” అని గేటు పాసు మీద సంతకం గీకేశారు. ఏడాదిగా బతిమాలితే రాని సంతకం కారానికి వచ్చింది.

ఆ మధ్యాహ్నమే ఆటోలో కోల్డ్ స్టోరేజీకి చేరాం. కెజియా కళ్ళు ఎర్రబడ్డాయి, అది ఒక్క ఘాటు వల్ల కాదు. దీనమ్మ నా రబ్బరుకు అంటుకున్న ముక్కను వేళ్ళతో నలిపి చూసింది.

“ఎండుకాయని ఎండినట్టే ఏశావా? మేం తెల్లారగట్ల నీళ్ళు చిలకరించి తడి గోతాలు కప్పుతాం. మెత్తబడకపోతే మా చేతికే ఇరుగుద్ది, దీనికి ఇరగదా?”

కెజియా సంచిలోంచి నోటు పుస్తకం తీసింది. పుట్టినప్పటి నుంచి అమ్మ చేస్తున్న పని, ఒక్కనాడూ కూర్చుని అడగలేదు. నాకైతే ప్రాణం కుదుటపడింది. తప్పు నా ఒక్కదానిదే కాదన్నమాట.

పక్కనే కాయలు చెరుగుతున్న నాగేంద్రమ్మ, “అన్నీ ఇదే తీసేస్తే మమ్మల్ని ఎవురు పిలుస్తారే పిల్లా?” అంది.

“దీన్ని షావుకారుకి ఇయ్యను పిన్నీ. మీ అందరిదీ. నడిపేది మీరే,” అంది కెజియా.

సీజన్ ముగిసేలోపు నా రబ్బర్లు పదకొండుసార్లు మారాయి. ప్రతిసారీ ఆ ఆడవాళ్ళు ఏదో ఒక వంక పెట్టేవారు, ఆ వంక కెజియా నోటు పుస్తకంలోకి ఎక్కేది. పన్నెండోసారి కాయ చెక్కుచెదరలేదు. తొడిమ ఒక్కటే ఊడి పడింది.

ఇప్పుడు వాళ్ళు కాయలు పోసి మీట నొక్కుతారు, తొడిమలు నేను తీస్తాను. నా రంగు పోయింది, ఒళ్ళంతా గీతలే. సెంటర్లో నా గాజు పెట్టెలో నా ఫోటో పెట్టారట. దానికీ రిబ్బను కట్టే ఉంటారు.

మొన్న సాయంత్రం పని ముగిశాక దీనమ్మ చేతులు కడుక్కుని, వాటిని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత నా చైనుకు నూనె వేస్తున్న కూతురి బుగ్గ మీద అరచెయ్యి పెట్టింది.

“మండుతోందా?” అని అడిగింది.

“లేదమ్మా. చెయ్యి తియ్యమాక,” అంది కెజియా.