గుడారం తాడుకు టోకెన్

సముద్రం ఒడ్డున రెండు రోజుల క్యాంపు పెట్టేవాళ్ల తరఫున ఒక అమ్మాయి ఫోన్ చేసి, ఏదైనా జరిగితే పిలవడానికి ఇంట్లోవాళ్ల నంబరు చెప్పమని అడిగింది. గంగ కాస్త తడబడి, తన ఫోన్‌లోనే ఉన్న రెండో సిమ్ నంబరు చెప్పి పెట్టేసింది. ఆ అమ్మాయి మహా గట్టిది. సరిచూసుకోవడానికి వెంటనే ఆ నంబరుకు చేసింది. అదే ఫోన్ మళ్లీ మోగింది. గంగ గొంతు కొంచెం లావు చేసి "హలో" అంది. నలభై దాటిన మనిషి చేయాల్సిన పనేనా ఇది? మరి ఎవరి నంబరు ఇవ్వమంటారు? తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి ఓబలప్ప పోయి ఏడాదయింది. గంగ పెళ్లి చేసుకోలేదు.

ఓబలప్ప బంగారు గనిలో టోకెన్ బోర్డు దగ్గర పనిచేసినవాడు. షిఫ్టుకు దిగే ప్రతివాడూ బోర్డు మీదున్న తన ఇత్తడి టోకెన్ తీసుకుని పోవాలి, పైకి రాగానే మళ్లీ అదే మేకుకు తగిలించాలి. మేకు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. టోకెన్లన్నీ మేకులకెక్కేదాకా ఓబలప్ప బోర్డు దగ్గరనుంచి కదిలేవాడు కాదు. గని మూతపడ్డాక కూడా ఆ బుద్ధి పోలేదు. గని కార్మికుల ఇళ్ల వరుసలైన చాంపియన్ లైన్లలో తమ ఇంటి తలుపు పక్కన చెక్క బిగించి, రెండు మేకులు కొట్టి, తనకొకటి కూతురికొకటి టోకెన్ తగిలించాడు.

గంగ బెంగళూరులో బట్టల కంపెనీలో పనిచేస్తుంది. తెల్లారకముందే టోకెన్ తీసుకుని మారికుప్పంలో రైలెక్కేది, చీకటిపడ్డాక వచ్చి తగిలించేది. ఆ చప్పుడు వినేదాకా ముసలాయన మంచం మీద వాలేవాడు కాదు. విన్నాక ఒకటే మాట, "సరే, తలుపేసుకో." అంతే. బాగున్నావా, తిన్నావా అనే ముచ్చట్లు ఆయనకు చేతకావు.

పోయినప్పుడు ఆయన టోకెన్‌ను చొక్కా జేబులో పెట్టి పూడ్చారు. అందుకని ఆ మేకు ఖాళీ. గంగ ఇప్పటికీ వచ్చి తన టోకెన్ తగిలిస్తుంది, తనే గడియ పెట్టుకుంటుంది. ఒకరోజు నేను రాకపోతే ఎవరికి తెలుస్తుంది? ఈ ప్రశ్న ఆమెను పురుగులా తొలుస్తోంది. నలుగురిలో రెండు రోజులుంటే తగ్గుతుందేమోనని ఈ క్యాంపుకు పేరిచ్చింది.

శనివారం పొద్దున రాబర్ట్‌సన్‌పేటలో వ్యాను ఎక్కితే అందరూ జంటలు, స్నేహితుల గుంపులు. పక్క సీటు ఖాళీగా ఉన్నది గంగకే. నంగలి దగ్గర టీకి ఆగినప్పుడు డ్రైవర్ డెరిక్ మాట కలిపాడు. గని మూసేదాకా లోపలికి దిగిన మనిషి, ఇప్పుడు తల నెరిసింది.

"మీది ఏ లైను అమ్మా?"

"చాంపియన్ అన్నా. టోకెన్ బోర్డు ఓబలప్ప కూతురిని."

డెరిక్ గ్లాసు కింద పెట్టాడు. "ఆయప్ప కూతురివా. ఒకనాడు టోకెన్ జేబులోనే మర్చిపోయి ఇంటికి పోతిని. లైన్లకొచ్చి, మా అమ్మ ముందర నిలబెట్టి తిట్టినాడు. నా కోసరం లోపలికి మనుషుల్ని దింపేదానికి రెడీ చేసినాడంట."

గంగ నవ్వింది. చాలా రోజులకు నవ్వింది.

మధ్యాహ్నానికి వాకాడు దాటి సముద్రం చేరారు. కోలారు జిల్లాలో పుట్టినవాళ్లకు సముద్రం ఎక్కడిది? చిన్నప్పుడు గని వ్యర్థాలు పోసిన సైనైడ్ దిబ్బల ఇసుక మీద జారుతూ బీచి బీచి అని అరిచిన గంగ, నిజం బీచిని చూసి చెప్పులు చేత పట్టుకుని నీళ్ల దాకా పోయింది. ఇద్దరు పట్టే గుడారం ఆమె ఒక్కదానికి ఇచ్చారు. లోపలికి పోయేముందు చెయ్యి దానంతటదే సంచిలోంచి టోకెన్ తీసి గుడారం తాడుకు తగిలించింది. కుర్రవాళ్లు అదేదో అలంకారం అనుకున్నారు. డెరిక్ మాత్రం చూసి గుర్తుపట్టాడు.

ఆదివారం తెల్లవారుతూనే గంగ ఒడ్డు వెంబడి నడిచింది. ఫోన్ గుడారంలోనే ఉంది. ఒక పాయ సముద్రంలో కలిసే చోట నీళ్లు పాదాలు మునిగేంతే ఉన్నాయి. దాటి అవతలి ఇసుకదిబ్బ మీదికి పోయింది. ఎర్ర పీతలు పరుగులు తీస్తుంటే వాటి వెనక తనూ పరుగెత్తింది. చూసేవాళ్లెవరూ లేరు కదా. తిరిగి వచ్చేసరికి సముద్రం పోటెక్కి పాయ నిండుగా, వడిగా పారుతోంది. గంగకు ఈత రాదు.

మొదట భయం వేయలేదు. టిఫిన్‌కు రాకపోతే చూస్తారు, వెతుక్కుంటూ వస్తారు అనుకుంది. దూరంగా గుడారాలు రంగురంగుల బొట్టుల్లా కనిపిస్తున్నాయి. చున్నీ తీసి ఊపింది. ఎండ ముదిరింది. నాలుక పిడచకట్టింది. ఒక్కరు కూడా ఇటు తిరగలేదు. అప్పుడు వచ్చింది భయం, నీళ్లను చూసి కాదు. ఏడాదిగా అడుగుతున్న ప్రశ్నకు జవాబు కళ్ల ముందే ఉంది. తను రాకపోయినా ఎవరికీ తెలియదు. ఇసుకలో కూలబడి, ఆ ఖాళీ ఒడ్డును చూస్తూ "నాయనా" అని ఏడ్చింది.

పోటు తగ్గాక నడుము లోతు నీళ్లలో ఈడ్చుకుంటూ దాటింది. క్యాంపు చేరేసరికి భోజనాలు అయిపోయి సామాన్లు కడుతున్నారు.

"ఆంటీ, ఇప్పుడు లేచారా? బాగా నిద్రపోయినట్టున్నారే," అందొక పిల్ల.

గంగకు ఒళ్లు మండిపోయింది. నోరు తెరవబోతుండగా వ్యాను పక్కనుంచి డెరిక్ వచ్చాడు. తడిసిన బట్టలు, ఎండిన పెదవులు, గుడారం తాడుకు వేలాడుతున్న టోకెన్, మూడింటినీ చూశాడు.

"యాడికి పోయింటివమ్మా?"

"పాయకు ఆ పక్క. పొద్దున్నించి. ఒక్కరన్నా చూడలేదే అన్నా."

"నేను చూస్తిని," అన్నాడు డెరిక్. "లేస్తానే చూస్తిని. టోకెన్ తాడుకే ఉండాది. మనిషి పైనే ఉండాది, పండుకోనీలే అనుకుంటి. టిఫిన్ కాడ మళ్లీ చూస్తిని, ఉండాది. ఈ పిలకాయలు నిన్ను లేపేదానికి పోతామంటే నేనే వద్దంటి. టోకెన్ ఉంటే ఇంగ భయమేముండాది అంటి."

గంగ తాడు వైపు చూసింది. నాయన ఇంట్లో మేకు కొట్టిన నాటినుంచి మొదటిసారి, సముద్రం సంబరంలో, టోకెన్ తీసుకోకుండా పోయింది. ఆ టోకెన్ అర్థం తెలిసినవాడు లోకంలో ఒక్కడు మిగిలితే, వాడికే తప్పు లెక్క చూపించింది.

"నీ తప్పేం లేదన్నా," అంది. కోపం ఎటుపోయిందో పోయింది. "ఊరికే పోతా పోతా చూసినావా?"

"ఊరికేనా? మీ నాయన తిట్లు తిన్నోణ్ని. వస్తా చూస్తి, పోతా చూస్తి."

గంగ వ్యాను మెట్టు మీద కూర్చుని మళ్లీ ఏడ్చింది. డెరిక్ నీళ్ల సీసా పక్కన పెట్టి, కాస్త దూరంగా నిలబడ్డాడు.

తిరుగు ప్రయాణంలోనూ పక్క సీటు ఖాళీయే. చీకటిపడ్డాక అందరినీ దింపి, డెరిక్ వ్యానును చాంపియన్ లైన్ల దాకా తెచ్చి ఇంటి ముందు ఆపాడు. గంగ తాళం తీసి లోపలికి పోయింది. వ్యాను కదల్లేదు. మేకుకు టోకెన్ తగిలించి మళ్లీ గుమ్మంలోకి వచ్చింది.

"పెట్టినావా అమ్మా?"

"పెట్టినానన్నా."

"సరే, తలుపేసుకో."

వ్యాను సందు మలుపు తిరిగి వెళ్లిపోయింది. రేపు మారికుప్పం బండి దిగి వచ్చేసరికి ఆ మాట అనేవాళ్లు ఉండరని గంగకు తెలుసు. నాయన మేకు ఖాళీగానే ఉంది. అయినా ఏడాది తర్వాత, ఆ ఒక్కనాడు, ఒకరు వేసుకోమంటే తలుపు వేసుకుంది.